మేకు ఎక్కడ కొట్టాడు?

"మేకు ఎక్కడ కొట్టాడమ్మా?"

ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో సాంతా మరియా నొవెల్లా చర్చిలో 15వ శతాబ్దపు చిత్రకారుడు మసాచో గోడ మీద వేసిన ట్రినిటీ (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ) బొమ్మను ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే మా నాన్న దగ్గర్నుంచి వచ్చిన మొదటి మాట ఇది. అందులో ఎవరెవరున్నారు, ఎన్నేళ్ళ నాటిది, ఇవేవీ అడగలేదు. ఆయన నలభై ఏళ్ళు తాపీమేస్త్రిగా పనిచేశాడు. గోడ మీద ఓ కమాను కనబడితే దాన్ని గీయడానికి మేకు ఎక్కడ కొట్టారో, పురికొస ఎక్కడ బిగించారో వెతుక్కుంటాడు, కళ్ళు అలా అలవాటుపడిపోయాయి. రెనసాన్స్ చిత్రకళ గురించి నేను చదివిన పుస్తకాలన్నిటికన్నా ఆ ఒక్క ప్రశ్నే నాకు ఎక్కువ దారి చూపించింది, అందుకే ఇది రాస్తున్నాను.

ముందు బొమ్మ గురించి చెప్తాను. 1425–27 ప్రాంతంలో వేశారు. సుమారు 22 అడుగుల ఎత్తు, పదడుగుల పైచిలుకు వెడల్పు. చర్చి ఎడమ పక్క గోడ మీద ఉంటుంది. చదును గోడ, వెనక గదీ లేదు గూడూ లేదు. కానీ కుడిపక్క తలుపులోంచి లోపలికి వచ్చి అటు తిరిగితే సరిగ్గా అక్కడ గోడ లోపలికి తెరుచుకున్నట్టుంటుంది. రెండు స్తంభాలు, వాటి వెనక చిన్న మందిరం, దాని మీద పీపాను నిలువునా సగానికి కోసి బోర్లించినట్టున్న కప్పు, ఆ కప్పు నిండా ఎరుపు నీలం గళ్ళు. లోపలికి వెళ్ళేకొద్దీ గళ్ళు చిన్నవవుతాయి. మందిరంలో శిలువ మీద యేసు, ఆయన వెనక తండ్రి దేవుడు నిలబడి శిలువ అడ్డకర్రను రెండు చేతులతో పట్టుకుని ఉంటాడు, ఇద్దరి తలల మధ్య తెల్లని పావురం. కింద ఒక పక్క మరియ, ఒక పక్క యోహాను. స్తంభాలకు బయట, అంటే మనవైపు, బొమ్మ వేయించిన దంపతులు మోకాళ్ళ మీద కూర్చుని ఉంటారు. ఇంకా కిందికి వస్తే రాతి సమాధి మీద అస్థిపంజరం, దాని పైన ఇటాలియన్‌లో ఓ వాక్యం: నేనూ ఒకప్పుడు మీలాగే ఉండేవాణ్ణి, మీరూ ఒకరోజు నాలా అవుతారు అని. ఎదురుగా ఉన్న తలుపు శ్మశానం వైపు తెరుచుకునేది కాబట్టి, ఎవర్నో పూడ్చిపెట్టి లోపలికి వచ్చిన మనిషి కళ్ళు పడేది దీని మీదే.

మేకు సంగతికి వస్తాను. శిలువ అడుగుకు కాస్త కింద, నేల నుంచి సుమారు ఐదున్నర అడుగుల ఎత్తులో ఒక బిందువు ఉంది. కప్పు మీద లోపలికి వెళ్ళే గీతలన్నీ కిందికి సాగదీస్తే వచ్చి కలిసేది అక్కడే. మసాచో అక్కడ మేకు కొట్టి, దారాలు కట్టి, ఒక్కో దారాన్ని పైదాకా బిగించి లాగి తడి గార మీద అదిమాడు. ఆ దారాల అచ్చులు గారలో ఇప్పటికీ ఉన్నాయి. గోడను దగ్గర్నుంచి పరిశీలించినవాళ్ళు వాటిని ఒక్కొక్కటిగా నమోదు చేశారు. ఇదంతా టైప్ చేసి పంపాను. కాసేపటికి నాన్న ఫోనే చేశాడు.

"అంటే చూసేవాడి కంటి మట్టానికి కొట్టాడన్నమాట. అంటే గోడ దగ్గర మొదలుపెట్టలేదు, మనిషి దగ్గర మొదలుపెట్టాడు."

నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే అసలు విషయం అదే. పర్‌స్పెక్టివ్ అంటే దూరంగా ఉన్నవి చిన్నగా వేయడం అని బడిలో చెప్పారు, రైలు పట్టాలు, కరెంటు స్తంభాలు వేయించారు. అది తప్పు కాదు, కానీ సగమే. ఆ గీతలు ఏ బిందువులో కలవాలన్నది ప్రకృతిలో ఎక్కడా రాసిలేదు. ఎదురుగా ఒక మనిషి ఫలానా చోట, ఫలానా ఎత్తు కళ్ళతో నిలబడతాడు అని అనుకుంటేనే ఆ బిందువు పుడుతుంది. ట్రినిటీలో కప్పును మనం కింద నుంచి చూస్తున్నాం, సమాధిని పై నుంచి చూస్తున్నాం, మధ్యలో మేకు దగ్గర మన కన్ను. ఎవరు చూస్తారో, ఎక్కడ నిలబడి చూస్తారో తేల్చుకున్నాకే అతను గీత గీశాడు. అప్పటికి మసాచోకి పాతికేళ్ళు. 1401 డిసెంబరులో పుట్టాడు, 1428లో రోమ్‌లో పోయాడు. ఇరవై ఏడు కూడా నిండలేదు.

రెనసాన్స్ గురించి సాధారణంగా చెప్పే కథ ఎలా ఉంటుందంటే, పాతవాళ్ళకు బొమ్మ వేయడం రాక చదునుగా వేసేవారు, తర్వాత లెక్కలు కనిపెట్టి నిజంలా వేశారు అని. ఈ కథ నాకు నచ్చదు. పాతవాళ్ళకు రాక కాదు, వాళ్ళకు కావలసింది వేరు. బంగారు రేకు మీద వేసిన మేరీమాత ఏ గదిలోనూ కూర్చుని ఉండదు, ఆమె ఉన్న చోటుకు వెనకా ముందూ ఉండక్కర్లేదు. పైగా లెక్క ముందు రాలేదు. ముందు వచ్చింది బరువు.

అది చూడాలంటే ఫ్లోరెన్స్‌లోనే ఉఫీజి గ్యాలరీలో ఒక గది ఉంది. మసాచోకు ముందటి ముగ్గురు చిత్రకారులు వేసిన మూడు పెద్ద మేరీమాత పలకలు ఒకే గదిలో పెట్టారు: చిమబూవెది, దూచ్చోది, జొత్తోది. దూచ్చో బొమ్మకు ఒప్పందం రాసుకున్నది 1285లో, జొత్తో వేసింది 1310 ప్రాంతంలో. మధ్యలో పాతికేళ్ళు. మూడింటిలోనూ వెనక బంగారమే, మూడింటిలోనూ సింహాసనమే, చుట్టూ దేవదూతలే. దూచ్చో మరియ అందం చెప్పలేను, ఆమె అంగీ అంచు మీద సన్నటి బంగారు గీత వంకర్లు తిరుగుతూ కిందిదాకా జారుతుంది, దాన్ని చూస్తూ అరగంట నిలబడ్డాను. కానీ ఆమె కూర్చోలేదు, తేలుతోంది. జొత్తో మరియ కూర్చుంది. మోకాళ్ళు బట్టను ముందుకు తోస్తున్నాయి, రొమ్ము కింద నీడ ఉంది, ఒడిలో బిడ్డ బరువు ఆమె చేతికి తెలుస్తోంది. పర్‌స్పెక్టివ్ లెక్క పుట్టడానికి ఇంకా వందేళ్ళుంది.

తర్వాత పాదువా వెళ్ళాను. ఎన్రికో స్క్రొవేన్యి అనే ధనవంతుడు కట్టించిన చిన్న ప్రార్థనాలయం, 1305లో ప్రతిష్ఠ చేశారు, లోపల గోడలన్నీ జొత్తో వేసినవే. తేమ లోపలికి వెళ్ళకుండా మనల్ని ముందు ఒక అద్దాల గదిలో కూర్చోబెట్టి, తర్వాత కొద్దిమందిని కొద్ది నిమిషాల కోసం పంపిస్తారు. ఆ నిమిషాల్లో ఎక్కువ భాగం నేను ఒకే బొమ్మ ముందు గడిపాను. శిలువ దించాక యేసు చుట్టూ ఏడ్చే బొమ్మ. తల్లి కొడుకు మెడ కింద చెయ్యి వేసి, ముఖంలో ముఖం పెట్టి చూస్తోంది. వెనక ఒక బండరాళ్ళ గట్టు పై నుంచి ఏటవాలుగా దిగి సరిగ్గా ఆ రెండు తలల దగ్గరికి మన చూపును తెచ్చి వదులుతుంది. పైన ఆకాశంలో దేవదూతలు రెక్కలు కొట్టుకుంటూ ఏడుస్తున్నారు.

అన్నిటికన్నా నన్ను పట్టేసింది ముందున్న ఇద్దరు ఆడవాళ్ళు. నేల మీద కూర్చున్నారు, మనకు వీపు పెట్టి. ముసుగు మీదుగా భుజాలు, వంగిన వీపు, అంతే, ముఖం లేదు. దేవుడి కథను గోడ మీద వేసేటప్పుడు చూసేవాళ్ళకు వీపు చూపించడం అప్పటికి ఎంత తెగువో ఒకసారి ఆలోచించండి. చావు ఇంట్లోకి ఆలస్యంగా వెళ్ళినప్పుడు మనకు ముందు కనబడేది ఇదే కదా, శవం చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళ వీపులు. వాళ్ళ వెనక మనం నిలబడతాం. లోతు అక్కడికక్కడే వచ్చేసింది, ఒక్క గీత కూడా లెక్క కట్టకుండా. ఆ ఇద్దరు అటు తిరిగి కూర్చోవడం వల్ల బొమ్మలో ముందు భాగం ఏర్పడింది, దాని ముందు మనకొక చోటు ఏర్పడింది.

అక్కడే ఇంకొకటి కూడా ఉంది, చాలామంది గమనించకుండా వచ్చేస్తారు. బలిపీఠం వైపున్న పెద్ద కమానుకు రెండు పక్కలా, కింద, రెండు ఖాళీ గదులు వేశాడు జొత్తో. మనుషుల్లేరు, కథ లేదు. కమాను, కిటికీ, కప్పు నుంచి వేలాడే దీపం. నిజంగా గోడలో గది ఉందనే అనిపిస్తుంది. 1305లో ఊరికే ఖాళీ చోటును బొమ్మగా వేయడం! మసాచో మందిరానికి తాత ఇదే అని నా నమ్మకం.

ఇక లెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, చిత్రకారుల దగ్గర్నుంచి కాదు, ఇళ్ళు కట్టేవాళ్ళ దగ్గర్నుంచి. ఇది విన్నప్పుడు నాన్న గొంతులో సంతోషం నాకు ఫోన్‌లోనే తెలిసింది. ఫ్లోరెన్స్ కెథెడ్రల్ మీద ఆ పెద్ద డోమ్ కట్టిన బ్రూనెల్లెస్కి, 15వ శతాబ్దం మొదటి పాతికేళ్ళలో ఎప్పుడో, ఒక పరీక్ష చేశాడు. అడుగు కూడా నిండని చతురస్రపు చెక్కపలక తీసుకున్నాడు. కెథెడ్రల్ నడిమి ద్వారంలో ఆరడుగుల దాకా లోపలికి నిలబడి, ఎదురుగా ఉన్న బాప్టిస్టరీ (బాప్తిస్మం ఇచ్చే) భవనాన్ని పలక మీద వేశాడు. ఆకాశం ఉన్న చోట రంగు వేయకుండా మెరుగుపెట్టిన వెండి రేకు అతికించాడు. తర్వాత పలకకు ఒక కన్నం పెట్టాడు, బొమ్మవైపు పప్పుబద్దంత, వెనకవైపు నాణెమంత. చూసేవాడు పలక వెనక నుంచి ఆ కన్నానికి కన్ను ఆనించి, రెండో చేత్తో ఎదురుగా అద్దం పట్టుకుని, అద్దంలో కనబడే బొమ్మను చూడాలి. అద్దం తీసేస్తే అసలు భవనం. పెడితే బొమ్మ. తేడా తెలిసేది కాదట. వెండి రేకులో నిజం మబ్బులు గాలికి కదులుతూ కనబడేవి. అతని జీవితం రాసిన మానెత్తి ఆ పలకను తానే చేతిలో పట్టుకుని చాలాసార్లు చూశానని చెప్పాడు. ఆ పలక ఇప్పుడు లేదు.

ఆ కన్నం గురించి నేను చాలా రోజులు ఆలోచించాను. బ్రూనెల్లెస్కి బొమ్మను ఊరికే ఇచ్చి చూడమనలేదు. కన్ను ఎక్కడ పెట్టాలో కన్నం చేసి చూపించాడు, ఒక్క కన్నే, కదలకూడదు. మసాచో గోడలో మేకు చేసిన పని, ఈ పలకలో కన్నం చేసిన పని ఒకటే. ఇద్దరూ ఒకే ఊళ్ళో ఒకరినొకరు ఎరిగినవాళ్ళు. ట్రినిటీలో ఆ మందిరాన్ని గీయడంలో బ్రూనెల్లెస్కి చెయ్యి ఉందని చాలామంది అంటారు, ఆ స్తంభాలు, ఆ కమాను చూస్తే అతని కట్టడాలే గుర్తొస్తాయి.

ఫ్లోరెన్స్‌లోనే నదికి అవతల కార్మినే చర్చిలో బ్రాంకాచి ప్రార్థనాలయం ఉంది, అక్కడ మసాచో, అతనికన్నా పెద్దవాడైన మసోలీనో కలిసి పనిచేశారు. బైబిల్లోని సుంకం చెల్లించే కథ వేసిన గోడ దగ్గర నిలబడితే, యేసు శిష్యులందరి తలలూ దాదాపు ఒకే మట్టంలో ఉంటాయి, పాదాలు మాత్రం ఒకరివి పైకి ఒకరివి కిందికి. చదును నేల మీద తిరనాళ్ళలో నిలబడి చూస్తే మన ఎత్తువాళ్ళందరి తలలూ ఎంత దూరంలో ఉన్నా మన కంటి గీత మీదే ఉంటాయి, ఇది రోజూ చూస్తాం కానీ గమనించం. తర్వాత 1435లో అల్బెర్తి అనే పండితుడు చిత్రలేఖనం మీద రాసిన గ్రంథంలో దీన్ని సూత్రంగా పెట్టాడు: ముందు నాలుగు లంబకోణాల చట్రం ఒకటి గీసుకో, దాన్ని తెరిచిన కిటికీ అనుకో, అందులో మనిషి ఎంత ఎత్తుండాలో తేల్చుకో, చూపు బిందువు ఆ మనిషి ఎత్తుకు మించకుండా పెట్టు అని. నేల మీద రాతి పలకలు వేసేటప్పుడు ఒక్కో వరుసనూ ముందు వరుసలో మూడింట రెండు వంతులకు తగ్గించుకుంటూ పోయేవాళ్ళను తప్పు పట్టాడు. వాళ్ళది అంచనా, మనకు కావలసింది కొలత అని ఆయన వాదన. మరుసటి ఏడాది తన ఇటాలియన్ ప్రతిని బ్రూనెల్లెస్కికే అంకితం ఇచ్చాడు.

కానీ బ్రాంకాచిలో నన్ను ఆపేసింది కొలత కాదు, వెలుతురు. ఆ గదికి వెలుగు వచ్చే కిటికీ బలిపీఠం వెనక గోడలో ఉంది. గోడల మీది బొమ్మల్లో వెలుగు కూడా అటునుంచే వస్తుంది, నీడలు దాని ప్రకారమే పడతాయి. అంటే బొమ్మలోని వీధికి, మనం నిలబడ్డ గదికి వెలుగు ఒకటే. ఒక బొమ్మలో యేసు శిష్యుడు పేతురు వీధిలో నడిచి వస్తుంటాడు, పక్కకు కూడా చూడడు, నేల మీద కాళ్ళు చచ్చుబడినవాళ్ళు కూర్చుని ఉంటారు. అతని నీడ పడి వాళ్ళు లేచి నిలబడతారు. ఒకడింకా నేల మీదే ఉన్నాడు, ఒకడు లేస్తున్నాడు, ఒకడు లేచి చేతులు జోడించాడు. నీడ వేయడం నేర్చుకున్న చిత్రకారుడి చేతికి నీడే బాగుచేసే కథ దొరకడం ఎంత గొప్ప సంగతి! ఆ గోడ మీద నీడ అలంకారం కాదు, మందు.

ప్రవేశం దగ్గర, సన్నటి పట్టీలో, ఆదాము హవ్వలు తోటలోంచి గెంటేయబడి నడుస్తుంటారు. ఆదాము రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు, కడుపు లోపలికి లాక్కుపోయింది. హవ్వ నోరు తెరిచి ఏడుస్తోంది. తర్వాతి కాలంలో ఎవరో వాళ్ళ ఒంటి మీద ఆకులు వేశారు, 1980లలో శుభ్రం చేసినప్పుడు తీసేశారు. ఆ ఇద్దరి కాళ్ళ కింద నేల మీద నీడ ఉంది. ఆ నీడ లేకపోతే వాళ్ళు ఏడుస్తున్న బొమ్మలు మాత్రమే. ఉండబట్టి, వాళ్ళు ఒక నేల మీద నడుస్తున్నారు, అది గట్టి నేల.

ఇదే కాలంలో ఉత్తరాన, ఇప్పటి బెల్జియంలో, యాన్ వాన్ ఐక్ నూనె రంగులతో వేరే దారిలో వెళ్ళాడు. 1434లో వేసిన ఆర్నోల్ఫినీ దంపతుల బొమ్మలో గీతలన్నీ ఒక్క బిందువులో కలవవు, కానీ వెనక గోడకు తగిలించిన గుండ్రటి అద్దంలో గదంతా, తలుపు దగ్గర నిలబడ్డ మరో ఇద్దరితో సహా, కనబడుతుంది. అతను లెక్కతో కాకుండా వస్తువుల మీద వెలుగు పడే తీరుతో నమ్మించాడు. దాని గురించి విడిగా రాయాలి, ఇక్కడ కుదరదు.

లెక్క చేతికొచ్చాక దాన్ని ఎక్కడ వంచాలో తెలిసినవాళ్ళే నాకు పెద్ద చిత్రకారులు. మాంతేన్యా అనే చిత్రకారుడు మాంతువా కోటలో 1474లో పూర్తిచేసిన గదిలో కప్పు మధ్య ఆకాశంలోకి గుండ్రటి కన్నం తెరిచినట్టు వేశాడు, అంచున పిల్లలు వేలాడుతూ కిందికి చూస్తుంటారు. లెక్కలో అతన్ని మించినవాడు లేడు. అలాంటివాడు మిలాన్‌లో ఉన్న బొమ్మలో చనిపోయిన యేసును పాదాలవైపు నుంచి వేస్తూ, పాదాలను లెక్క ప్రకారం ఉండాల్సినంత పెద్దవిగా వేయలేదు. వేసి ఉంటే పాదాలే ఒంటిని, ముఖాన్ని కప్పేసేవి. తల్లి పక్కన కూర్చుని ఏడుస్తోంది, మనకు కొడుకు ముఖం కనబడాలి. అందుకని తగ్గించాడు.

ఈ మాట చెప్తే నాన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ మొదటి ఫొటోలో కూడా ఒకటుందమ్మా, పైన నిలబడ్డ పెద్దాయనకు ఈ లెక్క వేయలేదు చూశావా?" అన్నాడు.

నిజమే. ట్రినిటీలో కప్పును కింద నుంచి చూస్తున్నాం కాబట్టి, అంత ఎత్తులో నిలబడ్డ తండ్రి దేవుడి గడ్డం కింది భాగం కనబడాలి, ముఖం కురచగా రావాలి. రాలేదు. ఆయన్ని మనం అదే మట్టంలో ఎదురుగా నిలబడి చూస్తున్నట్టే ఉంది. పండితులు దీని మీద చాలా రాశారు, నేను కొంత చదివాను. మా నాన్న మాత్రం ఫోన్ తెర మీద వేళ్ళతో పెద్దది చేసుకుని చూసి కనిపెట్టాడు.

"పొరపాటంటావా నాన్నా?"

"అన్ని దారాలు కట్టినవాడు అక్కడొక్కచోటా మర్చిపోతాడా? ఆయన్ని మన కంటి మట్టానికి కొలవకూడదనుకుని ఉంటాడు."

ఈ బొమ్మ మనదాకా రావడం కూడా తేలిగ్గా జరగలేదు. గోడ నిజంగా తొలిచినట్టే ఉందని మెచ్చుకుంటూ రాసిన వసారి, చిత్రకారుల జీవితాలు రాసిన చిత్రకారుడు, అతనే 1570 ప్రాంతంలో చర్చిని మార్చే పనిలో భాగంగా దీని ముందు ఒక కొత్త వేదిక కట్టి తన బొమ్మ పెట్టించాడు. మూడు వందల ఏళ్ళ దాకా ఎవరికీ కనబడలేదు. 1860 ప్రాంతంలో వేదిక తీసినప్పుడు బయటపడితే, పై భాగాన్ని గార పొరతో సహా ఊడదీసి చర్చి ముందు గోడ లోపలివైపుకు తరలించారు. కింది అస్థిపంజరం మాత్రం పాత చోటే ఉండిపోయింది, 1950లలో దాన్ని కనిపెట్టాక రెండింటినీ మళ్ళీ ఒకచోట చేర్చారు. తరలించడంలో అంచుల దగ్గర చాలా పోయింది.

రైలెక్కే రోజు పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను. తాడు కట్టి ఉంటుంది, మరీ దగ్గరికి పోలేం. మేకు ఎత్తుకు కన్ను పెట్టి, ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ, కప్పు పూర్తిగా లోపలికి వెళ్ళినట్టు అనిపించిన చోట ఆగాను. అక్కడి నుంచి చూస్తే మరియ మనవైపే చూస్తోంది. అందరిలోకీ ఆమె ఒక్కతే మన కళ్ళలోకి చూస్తుంది, అరచెయ్యి తిప్పి కొడుకును చూపిస్తుంది. ముఖంలో ఏడుపు లేదు. వయసు మళ్ళిన ఆడమనిషి ముఖం.

ఆమె ముఖం మీద గారలో సన్నటి గళ్ళు గీసి ఉన్నాయి, చిన్న కాగితం మీది బొమ్మను గోడ మీదికి పెంచి దించుకోవడానికి. దూరం నుంచి నాకు కనబడలేదు. కొన్న పుస్తకంలో దగ్గరి ఫొటో ఉంటే తీసి నాన్నకు పంపాను. కప్పుకు దారాలు, అమ్మకు గళ్ళు. రాత్రి పదకొండుకు, అంటే నాన్న ఉన్న చోట తెల్లవారుజామున, జవాబు వచ్చింది: "గార ఆరకముందే ఇవన్నీ గీసి రంగు కూడా వేసెయ్యాలి కదమ్మా. ఒక పూటకి ఎంత గోడ తీసుకునేవాడో కనుక్కో."